పాలిపోయిన ఫైబర్ బోటు: ఎనామిల్ వేయించాలా, పాత మెరుపు తీసుకురావచ్చా?

వశిష్ఠ_గట్టు
నమస్తే అండి. మాది దిండి దగ్గర. టూరిస్టులను తిప్పే 22 అడుగుల ఫైబర్ బోటు ఉంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. కింద తెలుపు, పక్కలకు ముదురు నీలం పట్టీ, నెత్తిన ఎండ తగలకుండా ఫైబర్ టాపు. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక పెట్టగానే బోట్లు ఆపేయమన్నారు. ఎలాగూ ఖాళీయే కదా అని గట్టు మీదికి లాగించి షెడ్డులో పెట్టాం. తీరా వెలుతురులో చూస్తే ప్రాణం ఉసూరుమంది.

నీలం కాస్తా బూడిద రంగుకు తిరిగింది. చొక్కా ఆనించి నిలబడితే నీలం పొడి అంటుకుంటోంది. నీళ్లు తగిలే గీత పొడవునా టీ డికాషన్ రంగు మరక. రైలింగు బోల్టుల కింద తుప్పు చారలు. ముందు భాగంలో తాడు కట్టే కొక్కెం చుట్టూ సాలెగూడులా సన్నని పగుళ్లు. లోపల జారకుండా గరుకుగా చేసిన నేల నల్లగా అయిపోయింది.

మా ఊరి పెయింటరు "ఒకసారి గీకేసి రెండు కోట్లు ఎనామిల్ కొట్టేద్దామండి, కొత్త బోటే" అంటున్నాడు. రేటు కూడా తక్కువే. కానీ ఎందుకో మనసు ఒప్పుకోవడం లేదు. ఎనామిల్ వేయించొచ్చా? లేక ఉన్న రంగునే బతికించొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఫైబర్_మేస్త్రి_కాకినాడ
తమ్ముడూ, ఎనామిల్ డబ్బా మూత తెరవొద్దు. ముందు నేను చెప్పింది చూడు.

ఫైబర్ బోటుకు పైన కనిపించే రంగు పెయింటు కాదు. జెల్‌కోట్ అంటాం. అచ్చులో మొట్టమొదట కొట్టే పొర అదే, దాని వెనకాల గ్లాస్ మ్యాట్ (గాజు పోగుల చాప), రెజిన్ (గట్టిపడే జిగురు) వేసుకుంటూ వస్తాం. మందం సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది. ఎండకు ఆ పొర పైపైన చచ్చిపోయి పొడి అవుతుంది. నీ చొక్కాకు అంటింది అదే. దాని కింద బతికున్న రంగు ఎంత మిగిలిందన్నదే అసలు ప్రశ్న. అది తేలాక పెయింటు సంగతి మాట్లాడదాం.

ఇప్పుడు రెండు పరీక్షలు చెయ్యి. మొదటిది, బాగా పాలిపోయిన చోట తడిగుడ్డతో తుడువు. తడిగా ఉన్నంతసేపు అసలు నీలం ముదురుగా కనబడిందా, పాలిష్‌తో వచ్చేస్తుంది. తడిపినా మచ్చలు మచ్చలుగానే ఉండి, లోపల మ్యాట్ పోగులు కనిపిస్తుంటే అక్కడ జెల్‌కోట్ అయిపోయినట్టే. రెండోది, ఎవరికీ కనపడని మూల గుడ్డకు కాస్త అసిటోన్ పోసి రుద్దు. రంగు మెత్తబడి జిగటగా ఊడొస్తే ఇదివరకే ఎవడో పెయింటు వేశాడని అర్థం. జెల్‌కోట్ అయితే మొదట పొడి మాత్రం వస్తుంది, తర్వాత గుడ్డ శుభ్రంగానే ఉంటుంది.

పొడి రాలే జెల్‌కోట్ మీద ఎనామిల్ కొట్టడమంటే బూజు దులపకుండా గోడకు సున్నం వేయడమే. నీళ్లలో ఉండే బోటుకు ఒక్క సీజను దాటితే రేకులు రేకులుగా లేస్తుంది. అంతకంటే పెద్ద తలనొప్పి ఇంకోటుంది. రేపు ఎక్కడైనా పగిలి రెజిన్ పట్టించాల్సి వస్తే ఎనామిల్ మీద అది పట్టదు, మొత్తం గీకాలి. మా దగ్గరికి అలా వచ్చిన బోట్లకు రిపేరు కూలి కంటే గీకుడు కూలే ఎక్కువ పడుతుంది.

చిట్కాల_బుజ్జి
ఇంత పరీక్షలు ఎందుకు గురూ. బాత్రూమ్ యాసిడ్ పోసి స్టీలు పీచుతో రుద్దితే తెల్లగా మెరిసిపోతుంది. మా డాబా మీద ఫైబర్ నీళ్ల తొట్టికి అలాగే చేశా.

సైన్స్_మాస్టారు
బుజ్జి గారూ, తొట్టికి బోల్టులూ రైలింగులూ ఉండవు కదండీ!

బాత్రూమ్ యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్. సముద్రం, ఉప్పుటేరు బోట్ల అడుగున అతుక్కున్న బార్నకిల్స్ (గట్టి గుల్ల ఉండే చిన్న జీవులు) గీకేశాక మిగిలే సున్నపు వలయాలను కరిగించడానికి దాన్ని బాగా పలచన చేసి వాడతారు, అదీ అడుగు భాగానికి మాత్రమే. పైన వాడితే దాని ఆవిరి స్టెయిన్‌లెస్ స్టీలును కూడా గుంటలు గుంటలుగా తినేస్తుంది. స్టీలు పీచు అయితే మరీ ఘోరం. విరిగిన ముక్కలు గరుకు నేలలో ఇరుక్కుని, రెండు రోజుల్లో ఒక్కో ముక్క ఒక్కో తుప్పు చుక్క అవుతుంది.

తుప్పు చారలకూ డికాషన్ రంగు మరకకూ మందు ఒకటే, ఆగ్జాలిక్ యాసిడ్. దీనికోసం బోటు సామాన్ల షాపు వెతకక్కర్లేదు. మార్బుల్ నేల పాలిష్ చేసేవాళ్లు వాడే తెల్ల పొడి అదే. తుప్పులోని ఇనుమును పట్టుకుని నీళ్లలో కరిగే రూపంలోకి మారుస్తుంది కాబట్టి రుద్దుడు పెద్దగా ఉండదు. ఆకులూ మట్టీ కలిసిన నది నీళ్ల మరకను కూడా ఇదే లాగేస్తుంది.

ప్లాస్టిక్ బకెట్‌లో లీటరు గోరువెచ్చని నీళ్లకు 50 గ్రాములు చాలు. ముందు బోటును మామూలు సబ్బు నీళ్లతో కడగండి, జిడ్డు మీద ఇది పని చేయదు. తర్వాత స్పాంజితో పట్టించి పది, పదిహేను నిమిషాలు వదిలేయండి, ఈలోగా ఆరనివ్వొద్దు. ఆ తర్వాత నీళ్లతో ధారాళంగా కడిగేయాలి. చేతులకు రబ్బరు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఇది విషం, కిడ్నీలు పాడు చేస్తుంది. పొడి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పిల్లలకు అందేచోట పంచదారలా కనిపించే ఈ పొడిని పెట్టొద్దు.

ఇంకొక్క మాట. నేల మీద బూజు నలుపుకు కొందరు బ్లీచింగ్ వాడతారు. అదే రోజు, అదే చోట యాసిడ్, బ్లీచింగ్ రెండూ కలిశాయా, క్లోరిన్ వాయువు వస్తుంది. షెడ్డులో అయితే ఊపిరి ఆడదు.

వశిష్ఠ_గట్టు
మేస్త్రి గారూ, మీరు చెప్పినట్టే చేశాను. పక్కల నీలం తడిపితే అబ్బో, కొత్త బోటులా ముదురు రంగు వచ్చేసింది. ఆరగానే మళ్లీ బూడిద. అసిటోన్ గుడ్డకు మొదట కాస్త నీలం, తర్వాత ఏమీ లేదు. అంటే పెయింటు కాదన్నమాట.

టాపు సంగతే బాగాలేదు. తడిపినా మచ్చలే. నెత్తిమీద మధ్యలో చేత్తో తడిమితే గరుకుగా పోగులు తగులుతున్నాయి, చెయ్యి దురద కూడా పెట్టింది.

మాస్టారూ, మార్బుల్ పాలిష్ కుర్రాళ్ల దగ్గర పొడి దొరికింది, థాంక్స్ అండి.

ఫైబర్_మేస్త్రి_కాకినాడ
అనుకున్నదే. టాపు ఏడాది పొడుగునా ఎండలో మాడుతుంది, పక్కలకు ఎండ ఏటవాలుగా పడుతుంది. కాబట్టి నీ బోటుకు రెండు వైద్యాలు. పక్కలకు పాలిష్, టాపుకు పెయింటు. టాపు సంగతి తర్వాత చెబుతా, ఎనామిల్ మాత్రం కాదు. పోగులు తేలిన చోట ఒట్టి చేత్తో తడమొద్దు, గాజు నూలు చర్మంలో దిగుతుంది.

బఫింగ్_భాయ్
అన్నా, నేను హైదరాబాద్‌లో కార్ల డీటెయిలింగ్ చేస్తా. రెండు బోట్లు కూడా చేసిన, లేక్ దగ్గరవి. పాలిష్ ముచ్చట నేను చెప్తా.

కారు మీద క్లియర్‌కోట్, అంటే రంగు మీది పారదర్శక పొర, 40, 50 మైక్రాన్లు ఉంటది. మేస్త్రి చెప్పిన అర మిల్లీమీటరు అంటే 500 మైక్రాన్లు, పది రెట్లు. అందుకే బోటు మీద కొంచెం ధైర్యంగా పోవచ్చు. కానీ జెల్‌కోట్ మెత్తగా ఉంటది, కాంపౌండ్‌ను (రుద్దే పేస్టును) పీల్చుకుంటది. కారుకు పట్టే టైమ్ లెక్కేసుకుని కూర్చుంటే టెన్షన్ పెరుగుతది, ముందే చెప్తున్న.

చేత్తో రుద్దితే భుజాలు పోతయి తప్ప 22 అడుగుల బోటు కాదు. పాలిషింగ్ మిషన్ కిరాయికి తీసుకో. గుండ్రంగా మాత్రమే తిరిగే రోటరీ మిషన్ స్పీడుగా కోస్తది, చెయ్యి తిరగనోడు ఒక్క జాగాలో ఆపితే వేడెక్కి రంగు కాలుతది. ఊగుతూ తిరిగే డ్యూయల్ యాక్షన్ మెల్లగా పోతది కానీ కొత్తోళ్లకు అదే మంచిది. మొదట ఉన్ని ప్యాడ్, రబ్బింగ్ కాంపౌండ్. తర్వాత ఫోమ్ ప్యాడ్, సన్న పాలిష్. చివర్ల మెరుపును కాపాడే పూత, వ్యాక్స్ లేదా సీలెంట్.

రెండడుగులకు రెండడుగుల జాగా తీసుకో. మిషన్ ఆన్ చేయకముందే కాంపౌండ్‌ను ప్యాడ్‌తో పూసెయ్, లేకుంటే నీ మొహం మీద, గోడ మీద, అంతటా చిమ్ముతది. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, సగం సగం కలుపుకుంటూ పో. కాంపౌండ్ ఎండేదాకా నడపకు. ప్యాడ్ నీలంగా మారి గట్టిపడితే బ్రష్‌తో దులుపు. మురికి ప్యాడ్‌తో ఎంత రుద్దినా పాత పొడినే మళ్లీ పూస్తున్నట్టు. అంచులకు, మూలలకు మాస్కింగ్ టేప్ పెట్టు, అచ్చులో మూలల కాడ జెల్‌కోట్ పలచగా పడుతది, రెండు నిమిషాల్ల తెల్లగా తేలుతది. ఇంకా, నీడలనే చెయ్. చెయ్యి పెడితే చల్లగా ఉండాలె.

లేనియర్_తెలుగోడు
అట్లాంటా నుంచి. ఇక్కడ లేక్ లేనియర్‌లో మా ఫ్రెండ్స్ నలుగురం కలిసి ఓ పాత ఫిషింగ్ బోటు కొన్నాం. బఫింగ్ భాయ్ చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. మేం 3ఎం వాళ్ల మెరైన్ కాంపౌండ్ వాడాం, ఇండియాలో ఆన్‌లైన్‌లో కూడా ఉంటుందనుకుంటా.

కాంపౌండ్‌తో మెరుపు రాని చోట వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం, నంబరు తగ్గేకొద్దీ మొరటు) పట్టాలి. 800తో మొదలుపెట్టమని యూట్యూబ్‌లో చాలామంది చెబుతారు. నా సలహా, ముందు 1500తో ఒక జానెడు చోట ప్రయత్నించండి, చాలకపోతేనే 1000కి దిగండి. ఎంత మొరటు పేపరుతో మొదలుపెడితే ఆ గీతలు తీయడానికి అంత జెల్‌కోట్ ఖర్చు. నీళ్లు ధారగా పడుతూ ఉండాలి, పొడి లేవకూడదు.

ఇంకో మాట. మాప్‌తో పూస్తే చాలు, అద్దంలా మెరుస్తుంది అంటూ అక్రిలిక్ ద్రవాలు అమ్ముతారు. ఫొటోలో బాగుంటుంది. అది తడిపిన రంగును అలాగే ఆపి ఉంచే పలచటి పొర మాత్రమే. కొన్నాళ్లకు పసుపెక్కి పొరలుగా లేస్తుంది. ఇక్కడ పక్క డాక్‌లో ఒకాయన దాన్ని ఊడదీయలేక నానా తంటాలు పడ్డాడు.

హార్బర్_కుర్రోడు
విశాఖ ఫిషింగ్ హార్బర్. చదువుతుంటే నవ్వొస్తంది బాబూ. మా ఫైబర్ బోట్లకు ఈ సోకులేం లేవు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ 61 రోజుల్లోనే పైకి లాగి అడుగు గీకుతాం, పగుళ్లు పూడుస్తాం, రంగేస్తాం, ఐఎన్‌డీ-ఏపీ అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు మళ్లీ కనపడేలా రాస్తాం, అంతే. వలలు, తాళ్లు రోజూ రాసుకుంటుంటే వ్యాక్స్ ఎన్ని రోజులుంటుంది? డబ్బులుంటే ఇంజను మీద పెట్టండి. అద్దంలా మెరిసే బోటుకు చేపలేమైనా ఎక్కువ పడతాయా?

ఫైబర్_మేస్త్రి_కాకినాడ
వేట బోటుకు నువ్వన్నది న్యాయమే. ఆ బోటుకు నేనూ వ్యాక్స్ చెప్పను. అతనిది టూరిస్టు బోటు, ఎక్కే ముందు జనం బోటు మొహమే చూస్తారు. అదీగాక పొడి పట్టిన జెల్‌కోట్‌కు సన్నసన్న రంధ్రాలు పడి మురికినీ నూనె మరకనీ పీల్చేసుకుంటుంది. కడిగిన వారానికే మళ్లీ నల్లబడుతుంది. పాలిష్ పట్టి రంధ్రాలు మూస్తే ఒట్టి నీళ్లతోనే మురికి పోతుంది. రోజూ కడుక్కునే పనివాడికి ఆ తేడా తెలుస్తుంది.

పగుళ్ల విషయంలో మాత్రం నీ మాటే నా మాట. మెరుపు కంటే అదే ముందు.

వశిష్ఠ_గట్టు
అప్‌డేట్. సబ్బుతో కడిగాం, ఆగ్జాలిక్ పట్టించాం. ఇది నిజంగా చూడాల్సిన వింత అండి. రైలింగు కింద బెత్తెడు పొడవు తుప్పు చార ఉండేది. స్పాంజి ఆనించి వదిలేశాను. రుద్దనేలేదు. మొదట అంచులు పలచబడ్డాయి, కాసేపటికి లేత పసుపు నీళ్లు కిందకి జారాయి, కడిగితే తెల్లటి తెలుపు. డికాషన్ గీత రెండో పట్టుకు పోయింది. కడిగిన నీళ్లు కాలువలోకి పోకుండా షెడ్డు వెనక గుంట తీసి పోయించాను.

కానీ ఒక చార రెండు రోజులకే మళ్లీ వచ్చేసింది. సరిగ్గా అదే బోల్టు కింద. ఎందుకంటారు?

సైన్స్_మాస్టారు
మరక పోయింది, మరక పుట్టే చోటు అలాగే ఉంది. ఆ బోల్టు దగ్గరికి ఒక అయస్కాంతం తీసుకెళ్లండి. గట్టిగా లాగితే అది స్టెయిన్‌లెస్ కాదు, మామూలు జీఐ (జింకు పూత పూసిన ఇనుప) బోల్టు. ఎవరో మధ్యలో మార్చి ఉంటారు.

వశిష్ఠ_గట్టు
టక్కున అతుక్కుంది మాస్టారూ! మిగతా బోల్టులకు పట్టలేదు.

ఫైబర్_మేస్త్రి_కాకినాడ
అది విప్పి 316 గ్రేడు స్టెయిన్‌లెస్ బోల్టు వెయ్యి. విప్పినప్పుడు రంధ్రంలోంచి నీళ్లు గానీ నల్లటి చెక్క పొడి గానీ వచ్చాయేమో చూడు. కొన్ని బోట్లకు బోల్టు బిగింపు కోసం లోపల ప్లైవుడ్ ముక్క పెడతారు. అది నానిపోతే బోల్టు ఎంత బిగించినా ఊగుతుంది. పొడిగా ఉంటే సందులోంచి నీళ్లు దూరకుండా పాలీయురేథేన్ సీలెంట్ పెట్టి బిగించు. సిలికాన్ ట్యూబు మాత్రం బోటు మీదికి తేవొద్దు, అది తాకిన చోట తర్వాత ఏ రంగూ పట్టదు.

ఇక కొక్కెం చుట్టూ పగుళ్లు. ముందు ఒక రూపాయి బిళ్లతో అక్కడా, పక్కన మంచి చోటా కొట్టి విను. రెండు చోట్లా టక్‌టక్‌మని గట్టి శబ్దం వస్తే పగులు జెల్‌కోట్‌లోనే ఉంది. డబడబమని బోలు శబ్దం వస్తే లోపల మ్యాట్ పొరలు విడిపోయాయి, అది నువ్వు చేసుకునే పని కాదు, మేస్త్రిని పిలువు.

జెల్‌కోట్ వరకే అయితే విను. పగులు మీద ఊరికే రంగు పూస్తే నెల తిరగకుండా మళ్లీ కనిపిస్తుంది. పగులు పొడవునా సన్నగా 'వి' ఆకారంలో గాడి తీయాలి. అసిటోన్‌తో తుడిచి ఆరనిచ్చి, జెల్‌కోట్ పేస్టు నింపాలి, చుట్టుపక్కల కంటే వెంట్రుకవాసి ఎత్తుగా. రంగు కలిపే పని పాలిష్ అయ్యాక పెట్టుకో. పాలిపోయిన నీలానికి మ్యాచింగ్ చేశావంటే పాలిష్ పట్టాక ఆ అతుకులన్నీ బూడిద బొట్లలా తేలతాయి. తడిపినప్పుడు కనిపించే నీలం కూడా నమ్మకమైన కొలత కాదు.

జెల్‌కోట్ పేస్టు 100 గ్రాములకు హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) 2 గ్రాములు, అంతకు మించి వద్దు. మన ఎండకు ఒక్కోసారి ఒకటిన్నర చాలు. కాసిని కాసిని కలుపు, పావుగంటలో కప్పులోనే గడ్డకడుతుంది. మిగిలిన కప్పు చెత్తబుట్టలో పారేయొద్దు, అది సొంతంగా వేడెక్కి పొగ వస్తుంది. నీళ్ల బకెట్‌లో వెయ్యి.

గాలి తగిలితే జెల్‌కోట్ పైభాగం జిగటగానే ఉండిపోతుంది. అందుకే నింపాక పైన పారదర్శక ప్లాస్టిక్ షీటు వేసి బుడగలు లేకుండా నొక్కి టేపు పెట్టు. గట్టిపడ్డాక షీటు లాగేసి 400, 800, 1500 పేపర్లతో తడిపి రుద్ది, పాలిష్ పట్టు.

అందరూ చదవాల్సింది ఇది. ఆ నీళ్లలాంటి హార్డెనర్ కంట్లో చుక్క పడితే చూపు పోతుంది. అద్దాలు లేకుండా సీసా మూత తీయొద్దు. పడితే అక్కడికక్కడే పావుగంట నీళ్లతో కడిగి, తర్వాత నేరుగా ఆస్పత్రికి. ఊదా రంగు కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగం చేసే ద్రవం) విడిగా ఇచ్చే రెజిన్ తెచ్చుకుంటే, కోబాల్ట్‌ను ముందు రెజిన్‌లో పూర్తిగా కలిపాకే హార్డెనర్ పోయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే పేలుతాయి. రెండు సీసాలూ ఒకే అరలో పెట్టే షాపులు చూశాను, ఒళ్లు జలదరిస్తుంది.

చిట్కాల_బుజ్జి
అమ్మో. నేను ఎం-సీల్‌తో సరిపెట్టేవాడిని. పైన జెల్‌కోట్ పూసేయొచ్చా మరి?

ఫైబర్_మేస్త్రి_కాకినాడ
ఎం-సీల్ ఎపాక్సీ. ఎపాక్సీ మీద పాలిస్టర్ జెల్‌కోట్ సరిగ్గా పట్టదు. పాలిస్టర్ మీద ఎపాక్సీ మాత్రం పడుతుంది. నడి ఏట్లో నీళ్లు కారుతుంటే ఎం-సీల్ పెట్టుకుని ఒడ్డుకు రావచ్చు, వచ్చాక దాన్ని పూర్తిగా గీకి తీసేయాలి.

లేనియర్_తెలుగోడు
వశిష్ఠ గారూ, బోటు ఎలాగూ పైనే ఉంది కాబట్టి అడుగు భాగం కూడా చూడండి. చిన్న బొబ్బలు ఉన్నాయా? ఉంటే ఒకటి గుచ్చి చూడండి, అద్దాలు పెట్టుకునే. వెనిగర్ వాసన వచ్చే జిగట నీరు కారితే జెల్‌కోట్‌లోంచి నీళ్లు లోపలికి ఇంకాయని లెక్క. ఏడాదంతా నీళ్లలోనే ఉండే బోట్లకు వస్తుంది.

వశిష్ఠ_గట్టు
అడుగున ఎర్ర పెయింటు ఉందండి, అక్కడక్కడా ఊడింది. వెనక భాగంలో గోరంత బొబ్బలు నాలుగైదు. ఒకటి గుచ్చాను, అవును, పుల్లటి వాసనే.

ఫైబర్_మేస్త్రి_కాకినాడ
నాలుగైదు అయితే కంగారు లేదు. బొబ్బలు తెరిచి, మంచినీళ్లతో కడిగి, వదిలేయాలి. బాగా ఆరాక ఎపాక్సీ పుట్టీ. ఆరడమే కష్టం. ఈ వానల్లో గాలిలోనే తేమ, కాబట్టి ఫ్యాను పెట్టు, ఎక్కువ రోజులు ఇవ్వు. తడి మీద మూసేస్తే మళ్లీ అక్కడే లేస్తుంది. అడుగంతా వందల కొద్దీ ఉంటే మాత్రం జెల్‌కోట్ మొత్తం దించాలి, అది వేరే కథ.

ఇప్పుడు టాపు. పోగులు తేలిన చోట ముందు పొడి దులిపి, 120 పేపరుతో గరుకు చేసి, ఎపాక్సీ ప్రైమరు రెండు కోట్లు. దాని మీద రెండు డబ్బాలు కలిపే పాలీయురేథేన్ పెయింటు. ఎండకు తట్టుకునేది అదే. రోలరుతో వేసి, వెంటనే బ్రష్ మొనతో సరిచేసుకుంటే దాదాపు స్ప్రే అంత నున్నగా వస్తుంది. స్ప్రే గన్ జోలికి వెళ్లొద్దు. ఆ పెయింటులో ఉండే ఐసోసయనేట్ అనే రసాయనం తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్తమా పట్టుకుంటుంది, మూతికి కట్టే గుడ్డ మాస్కు దాన్ని ఆపదు.

ముఖ్యంగా వరస. టాపు పెయింటు ముందు, పక్కల పాలిష్, వ్యాక్స్ తర్వాత.

బఫింగ్_భాయ్
ఈ మాటకు నేను వంద లైకులు కొడ్తా. మా షాపుల పాలిషింగ్ ఒక గదిల, పెయింటింగ్ ఇంకో గదిల. చాలా పాలిష్‌లల్ల సిలికాన్ ఉంటది, గాలిల ఎగిరి పెయింటు చేసే జాగాల పడ్డదంటే పెయింటు అక్కడ నిలవదు, చేపకన్ను లెక్క గుండ్రటి గుంటలు పడ్తయి.

హార్బర్_కుర్రోడు
చేపకన్ను అంటే మాకూ తెలుసు భాయ్ 😀 సర్లే, ఈ బొబ్బల సంగతి మా అడుగున కూడా చూడాలి ఈసారి.

సైన్స్_మాస్టారు
లోపలి నేల గురించి ఎవరూ చెప్పలేదు. జారకుండా గరుకుగా ఉన్న నేలకు వ్యాక్స్ పూయొద్దండీ. తడికాళ్లతో ఎక్కే పిల్లలూ పెద్దవాళ్లూ జర్రున జారతారు. దానికి సబ్బు నీళ్లు, గట్టి నైలాన్ బ్రష్, గుండ్రంగా తిప్పుతూ రుద్దడం, అంతే. మురికి గరుకు సందుల్లో ఉంటుంది కాబట్టి నీళ్లు పోశాక కాసేపు నాననివ్వండి.

వశిష్ఠ_గట్టు
చాలా రోజులైంది, క్షమించండి. వరద రెండోసారి రావడంతో పని ఆగి ఆగి సాగింది. టాపుకు పెయింటు అయింది, తెలుపే వేయించాను, కింద కూర్చునేవాళ్లకు వేడి తక్కువ అని. కొక్కెం దగ్గర బిళ్ల శబ్దం గట్టిగానే వచ్చింది, గాడులు తీసి పూడ్చాం. కొక్కెం వెనకాల లోపల చిన్న రేకు ముక్క మాత్రమే ఉంది, అందుకే లాగినప్పుడల్లా వంగి పగిలినట్టుంది. మేస్త్రి గారు ఫోనులో చెప్పినట్టు వెడల్పాటి స్టీలు ప్లేటు వేశాం.

నీలం పట్టీ మిషన్‌తో చేశాం. సగం చేసి టేపు పీకాక అటు నీలం, ఇటు బూడిద, మధ్యలో గీత. మా పెయింటరు వచ్చి చేత్తో తడిమి తడిమి చూశాడు, "రంగు వేయకుండానేనా?" అని రెండుసార్లు అడిగాడు. 1500 పేపరు ఒక్క మూల తప్ప ఎక్కడా అవసరం పడలేదు. కాంపౌండ్ మాత్రం అనుకున్నదానికంటే ఎక్కువ తాగింది.

ఇప్పుడు అడిగేది ఒకటే. ఇది ఎన్నాళ్లుంటుంది?

బఫింగ్_భాయ్
వ్యాక్స్ ఉన్నంతకాలం ఉంటది. కార్నోబా వ్యాక్స్ మన ఎండకు తొందరగ కరుగుతది, పాలిమర్ సీలెంట్ ఎక్కువ నిలుస్తది. క్యాలెండర్ చూడకు, నీళ్లు చల్లి చూడు. ముత్యాల్లెక్క గుండ్రంగ నిలబడితే ఉన్నట్టు, చాపలెక్క పరుచుకుంటే మళ్లీ పూయాలె. ఎండ తగిలే బోటుకు మూడు నాలుగు నెలలకోసారి అనుకో. మరిచిపోతే మళ్లీ కాంపౌండ్ కాడికే వస్తవు.

ఫైబర్_మేస్త్రి_కాకినాడ
బోటు ఖాళీగా ఉన్నప్పుడు బరకం కప్పు. కానీ బరకం నేరుగా పాలిష్ మీద ఆని గాలికి కొట్టుకుంటుంటే అదే గీతలు పెడుతుంది. వెదురు గెడలు పెట్టి ఎత్తుగా, గాలి ఆడేలా కట్టు. గిన్నెలు కడిగే సబ్బుతో రోజూ కడగొద్దు, అది వ్యాక్స్‌ను తీసుకుపోతుంది. ట్రిప్పు అయ్యాక ఒట్టి మంచినీళ్లు. వేసవిలో మీవైపు ఏటిలోకి ఉప్పునీరు ఎక్కుతుంది, అప్పుడు ఇది తప్పకుండా చెయ్యి.

కాలనీ_సెక్రటరీ
పాత టాపిక్ లేపుతున్నందుకు మన్నించాలి. బోటు కాదు కానీ, మా కాలనీ పార్కులో ఫైబర్ జారుడుబల్ల ఉంది. ఎర్ర రంగు గులాబీకి తిరిగింది, పిల్లల నిక్కర్లకు పొడి అంటుతోంది. దానికీ ఇదే పద్ధతా?

ఫైబర్_మేస్త్రి_కాకినాడ
అదే జెల్‌కోట్ అండి, అదే పద్ధతి. ముందు తడిపి చూడండి. పిల్లలు జారే చోట పోగులు తేలాయేమో పాత నైలాన్ సాక్సు చేతికి తొడుక్కుని నెమ్మదిగా రాయండి, ఎక్కడ దారం పట్టుకుంటే అక్కడ జెల్‌కోట్ పోయినట్టు. అలా ఉంటే పాలిష్ దాకా ఆగొద్దు, ఈరోజే తాడు కట్టి పిల్లలను ఆపండి. పోగులు లేకపోతే కాంపౌండ్ పట్టించి బాగా కడిగేయండి. జారేచోట వ్యాక్స్ మాత్రం వద్దు, ఇప్పటికే చాలినంత స్పీడు ఉంటుంది. ఆ బల్ల ఏ ఊళ్లో ఉంది, ఎంత పొడవు?